ఆరోగ్యంగా ఉన్న చీలమండలో లిగమెంట్ కొలత ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: నేను వరంగల్‌లో ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చదువుతున్నాను. థీసిస్ కోసం 18–25 ఏళ్ల ఆరోగ్యవంతులైన కాలేజీ విద్యార్థుల చీలమండ లిగమెంట్ల (ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీల) మందాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలుస్తున్నాం. మా ఆస్పత్రి రేడియాలజీ విభాగంలో వారానికి రెండు మధ్యాహ్నాలు మెషీన్ ఇస్తారు. ప్రోబ్ (చర్మం మీద ఆనించే స్కానింగ్ పరికరం) కాసేపు రేడియాలజీ పీజీ పట్టుకుంటారు, కాసేపు నేను పట్టుకుంటాను. ట్రయల్‌గా పది మందిని చూశాం. ఒకే అబ్బాయికి ఏటీఎఫ్‌ఎల్ (చీలమండ బయటివైపు, ముందున్న లిగమెంట్) మొదట 1.8 మి.మీ. వచ్చింది, పావుగంట ఆగి చూస్తే 2.5 వచ్చింది. ముగ్గురిలో ఫిబ్యులా (కాలి బయటివైపు సన్నని ఎముక) దగ్గర లిగమెంట్ నల్లగా కనిపించి, చిరిగిందేమో అనిపించింది. వాళ్లకు నొప్పి లేదు, వాపూ లేదు. సీఎఫ్‌ఎల్ (ఫిబ్యులా నుంచి మడమ ఎముకకు దిగే లిగమెంట్) అయితే సగం మందిలో దొరకనే లేదు. స్నేహితురాలి క్లినిక్‌లో పోర్టబుల్ మెషీన్ ఉంది. అక్కడ చూసుకుంటే త్వరగా అవుతుందనుకుంటున్నాను. ఎక్కడ తప్పు చేస్తున్నామో చెప్పగలరా?
– ఒక పీజీ విద్యార్థిని

సమాధానం: పావుగంటలో ఎవరి లిగమెంటూ 0.7 మి.మీ. లావెక్కదు. ఆ మధ్యలో ప్రోబ్ పట్టిన చేయి మారి ఉంటుంది, లేదా పాదం ఉన్న కోణమో క్యాలిపర్ (తెర మీద కొలిచే గుర్తు) పెట్టిన చోటో మారి ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో ఏటీఎఫ్‌ఎల్ మందమే సుమారు 2 మి.మీ. అంటే మీకు వచ్చిన తేడా మొత్తం కొలతలో మూడో వంతు. ఈ స్థితిలో అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఉన్న తేడాలు, కుడి ఎడమల తేడాలు వెతికితే దొరికేది మీ చేతి తేడాయే. ఆ పది మందిని సాధన కింద లెక్కేసుకోండి, డేటాలో కలపకండి.

మొదట చేయాల్సిన మార్పు: ప్రోబ్ ఒక్కరే పట్టుకోవాలి, అది రేడియాలజీ పీజీయే అయితే మంచిది. పాదాన్ని అమర్చడం, కోణం సరిచూడడం మీ పని. కొలతలు కూడా మీరే తీయండి, కానీ అక్కడికక్కడ వద్దు. దాచిన బొమ్మల మీద, పేరు కనబడకుండా, వారం తర్వాత తీయండి. బొమ్మ తీసేవారు, కొలిచేవారు వేరైతే ‘ఇందాక 1.8 వచ్చింది కదా’ అన్న జ్ఞాపకం క్యాలిపర్‌ను లాగదు.

పాదం అమరిక గురించి థీసిసుల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. కొలత చెడేది ఎక్కువగా ఇక్కడే. మనిషిని బల్ల మీద వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టి, మోకాలు వంచి, అరికాలు మొత్తం బల్లకు ఆనించండి. మడమను పిరుదులకు దూరంగా జరిపేకొద్దీ చీలమండ ప్లాంటార్ ఫ్లెక్షన్‌లోకి (పాదం కిందికి వంగడం) వెళ్తుంది, దగ్గరకు లాగితే డార్సీ ఫ్లెక్షన్‌లోకి (పైకి వంగడం) వస్తుంది. ఏటీఎఫ్‌ఎల్‌కు 20 డిగ్రీల ప్లాంటార్ ఫ్లెక్షన్ సరిపోతుంది. గోనియోమీటర్ (కోణం కొలిచే పరికరం) ఒక చేతిని ఫిబ్యులా వెంబడి పైకి, రెండో చేతిని ఐదో మెటాటార్సల్ (చిటికెన వేలి వైపు పాదం ఎముక) వెంబడి పెడితే మధ్య కోణం 110 డిగ్రీలు రావాలి. బొటనవేలి వైపు పాదం అంచు కింద మడిచిన టవల్ పెడితే పాదం కొద్దిగా లోపలికి తిరుగుతుంది. అందరికీ అదే టవల్, అన్నే మడతలు. ఇంత పట్టింపు ఎందుకంటే, పాదం మామూలుగా ఉన్నప్పుడు ఏటీఎఫ్‌ఎల్ వదులుగా ఉండి వంపు తిరుగుతుంది. పాదాన్ని కిందికీ లోపలికీ వంచితే బిగుసుకుని నిటారుగా వస్తుంది. వంగిన లిగమెంట్‌కు మధ్యభాగం ఎక్కడో, అంచు ఎక్కడో చెప్పడం కష్టం.

మెషీన్‌లో 12 మెగాహెర్ట్జ్‌కు తగ్గని లీనియర్ ప్రోబ్ వాడండి. 15 నుంచి 18 దాకా వెళ్లే చిన్న హాకీ స్టిక్ ప్రోబ్ ఉంటే ఇంకా నయం, చీలమండ ఎముక గుండ్రం మీద పెద్ద ప్రోబ్ ఒక చివర గాల్లో తేలుతుంది. డెప్త్ 2 సెం.మీ. దగ్గర ఉంచండి. 4 సెం.మీ. పెడితే 2 మి.మీ. లిగమెంట్ తెరలో ఇరవయ్యో వంతు ఎత్తుకు కుంచించుకుపోతుంది, క్యాలిపర్ కాస్త కదిలినా కొలత మారిపోతుంది. ఫోకస్ లిగమెంట్ లోతులోనే ఉండాలి. కాంపౌండ్ ఇమేజింగ్ (పలు కోణాల బొమ్మలను కలిపి చూపే అమరిక) ఆన్‌లో పెట్టాలా ఆఫ్‌లో పెట్టాలా అన్నది మీ ఇష్టం, మధ్యలో మాత్రం మార్చకండి. అది ఆన్‌లో ఉంటే కోణం వల్ల వచ్చే నల్లదనం తగ్గుతుంది, అంచులు కాస్త మెత్తబడతాయి. జెల్ ధారాళంగా వేయించండి. తెర పైభాగంలో జెల్ పొర నల్లటి పట్టీలా కనిపిస్తున్నంతసేపు ప్రోబ్ ఒత్తడం లేదని అర్థం.

ఏటీఎఫ్‌ఎల్ పట్టుకునే తీరు ఇది. బయటి చీలమండ ఎముక కొనను వేలితో తడమండి. అక్కడి నుంచి సుమారు సెంటీమీటరు పైన, ఎముక ముందు అంచు మీద ప్రోబ్ వెనక చివర ఉంచి, రెండో చివరను పాదం పైభాగం వైపు, దాదాపు అరికాలికి సమాంతరంగా చాపండి. తెరలో ఒకవైపు ఫిబ్యులా తెల్లటి వంపు, దాని వెనక నీడ కనబడతాయి. మరోవైపు టాలస్ (చీలమండ కీలులో పాదం వైపు ఎముక), దాని మీద మృదులాస్థి సన్నని నల్లటి పొరగా ఉంటుంది. ఇక వెనక చివరను కదపకుండా, ముందు చివరను మాత్రం కొన్ని డిగ్రీలు పైకీ కిందికీ తిప్పండి. రెండు ఎముకల మధ్య సన్నని తెల్లటి గీతలు తెగకుండా కనిపించే చోట ఆగండి.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ప్రోబ్ పైకి జరిగిపోయి, టిబియా (కాలి లావు ఎముక), ఫిబ్యులాలను కలిపే ముందువైపు లిగమెంట్ (ఏఐటీఎఫ్‌ఎల్) మీదకు వెళ్తుంది. అక్కడా రెండు ఎముకలు, మధ్యలో గీతలు కనబడతాయి కాబట్టి అదే అనుకుని కొలిచేస్తారు. పాదాన్ని మెల్లగా కిందికీ పైకీ ఆడించమనండి. రెండో ఎముక కదిలితే అది టాలస్, కదలకపోతే టిబియా. ఆ చిన్న వీడియో కూడా సేవ్ చేయించండి, గైడ్ అడిగినప్పుడు చూపించడానికి పనికొస్తుంది.

ముగ్గురిలో కనిపించిన నలుపు విషయానికొద్దాం. లిగమెంట్ పోగులకు ధ్వని కిరణం లంబంగా తగిలితేనే ప్రతిధ్వని తిరిగి ప్రోబ్‌కు చేరుతుంది. కొద్ది డిగ్రీలు వాలినా ఆ ధ్వని పక్కకు పోయి, మంచి లిగమెంటే నల్లగా కనిపిస్తుంది. దీన్నే యానైసోట్రోపీ అంటారు. ఏటీఎఫ్‌ఎల్ పోగులు ఫిబ్యులాలో దిగేచోట వంపు తిరుగుతాయి కాబట్టి ఆ చివర ఆరోగ్యవంతుల్లో కూడా తరచుగా నల్లగానే ఉంటుంది. తేల్చుకోవడం సులభం: ప్రోబ్ ఒక చివరను కాస్త ఒత్తి, రెండో చివరను సడలించి, ముందుకూ వెనక్కూ ఊపండి. నలుపు తెల్లబడితే అది కిరణం చేసిన మాయ. నిజంగా చిరిగితే ఏ కోణంలో చూసినా నలుపు ఉంటుంది, గీతలు తెగుతాయి, చుట్టూ ద్రవం చేరొచ్చు, పాదాన్ని ముందుకు లాగితే సందు తెరుచుకోవచ్చు. నొప్పి లేని, వాపు లేని ఇరవై ఏళ్ల పిల్లల్లో, ప్రోబ్ ఊపి చూడకుండా ‘చిరుగు’ అని రాయడం అన్యాయం. ఆ ముగ్గురినీ మళ్లీ పిలిచి చూడండి.

ఏటీఎఫ్‌ఎల్ అందరిలో ఒకే పట్టీగా ఉండదన్నది ఇంకో సంగతి. చాలామందిలో పైదీ కిందిదీ అని రెండు పట్టీలుంటాయి, కొద్దిమందిలో మూడు కూడా. పై పట్టీ కీలు చుట్టూ ఉండే తొడుగుతో (క్యాప్సూల్) కలిసిపోయి ఉంటుంది, కింది పట్టీ సీఎఫ్‌ఎల్‌తో పోగులు కలుపుకుంటుంది. ప్రోబ్ ఆ రెండింటి మధ్య సందులో పడితే కొవ్వును కొలుస్తారు. బహుశా మీ 1.8, 2.5ల మధ్య కూడా పట్టీ మారి ఉండొచ్చు. ముందు పై నుంచి కిందికి మెల్లగా జరుపుతూ ఎన్ని పట్టీలున్నాయో రాసుకోండి, అందరిలోనూ పై పట్టీనే కొలవండి. ఆ నియమం ప్రొటోకాల్‌లో ముందే రాసి ఉండాలి.

కొలవదగ్గ బొమ్మ అంటే ఫిబ్యులా అంచు, టాలస్ అంచు, మధ్యలో తెగని గీతలు – ఈ మూడూ ఒకే ఫ్రేములో ఉన్నది. ఏ ఒక్కటి లేకపోయినా ఆ బొమ్మ వద్దు. లిగమెంట్ పొడవులో సరిగ్గా సగం దగ్గర క్యాలిపర్ పెట్టండి, చివర్లలో వద్దు. క్యాలిపర్ గీత తెరకు నిలువుగా కాకుండా పోగులకు లంబంగా ఉండాలి. లిగమెంట్ తెర మీద 25 డిగ్రీలు వాలి ఉన్నప్పుడు మీరు నిలువుగా కొలిస్తే 2.0 మి.మీ. కాస్తా 2.2 అవుతుంది. చేయి ఎంత స్థిరంగా ఉన్నా ఈ పది శాతం తప్పు పోదు. కింది అంచు దగ్గర మృదులాస్థి, ద్రవం వల్ల వచ్చే నల్లటి గీతను కలపకండి. పై అంచు దగ్గర చర్మం కింది కొవ్వు తెల్లగా ఉండి మోసం చేస్తుంది. గీతల వరుస ఎక్కడ ఆగితే అక్కడే అంచు.

మూడు బొమ్మలు తీయాలి. ప్రతిసారీ ప్రోబ్ పూర్తిగా పైకెత్తి, మళ్లీ మొదటి నుంచి వెతికి తీయాలి. ఒకే ఫ్రీజ్ బొమ్మ మీద మూడుసార్లు క్యాలిపర్ పెట్టి సగటు తీస్తే కాగితం మీద అందంగా ఉంటుంది, దానితో తేలేది మౌస్ ఎంత నిలకడగా పట్టుకున్నారన్నదే. 15 మెగాహెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవే దాదాపు 0.1 మి.మీ. కనుక మెషీన్ చూపే 2.13, 2.17లలో చివరి అంకెను నమ్మి చర్చ రాయకండి.

సీఎఫ్‌ఎల్ దొరకకపోవడం మీ ఒక్కరి సమస్య కాదు. అది ఫిబ్యులా కొన దగ్గర మొదలై, మడమ ఎముక బయటి గోడ మీదకు కిందికీ వెనక్కీ దిగుతుంది. దాని మీదుగా పెరోనియల్ టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) రెండూ అడ్డంగా పోతాయి. మీరు దాన్ని ఏటీఎఫ్‌ఎల్‌కు పెట్టిన అమరికలోనే వెతికి ఉంటారు, అక్కడ అది వదులుగా వేలాడుతుంది. మనిషిని పక్కకు తిప్పి, చీలమండ బయటివైపు పైకి వచ్చేలా పడుకోబెట్టండి. పాదాన్ని ముందు 90 డిగ్రీలకు, తర్వాత కొంచెం డార్సీ ఫ్లెక్షన్‌కు తెచ్చి పట్టుకోండి. ప్రోబ్ పై చివర ఫిబ్యులా కొన మీద, కింది చివర మడమ వెనక భాగం వైపు ఉంచండి. ముందుగా గుండ్రంగా కనిపించే రెండు టెండన్లను వెతకండి, వాటి అడుగున, మడమ ఎముక మీద, తెల్లటి పట్టీయే సీఎఫ్‌ఎల్. పాదాన్ని మెల్లగా పైకి వంచితే లాగి కట్టిన దండెంలా బిగిసి, తన మీదున్న టెండన్లను పైకి లేపుతుంది. ఆ కదలిక కనిపిస్తే వెతుకులాట అయిపోయినట్టే. ఫిబ్యులా వైపు చివర చాలామందిలో స్పష్టంగా రాదు, ఎముక గుండ్రం, పోగుల వంపు రెండూ అడ్డం. దాని కోసం పావుగంట పోరాడకండి. టెండన్లు దాటాక మడమ ఎముక వైపు భాగంలోనే మందం కొలుస్తామని నియమం పెట్టుకోండి, కొలవలేకపోయినవాళ్లెందరో సంఖ్యగా ఇవ్వండి. చూడలేకపోయిన సంఖ్య కూడా ఫలితమే, పరీక్షకులు దాన్ని తప్పుగా అనుకోరు.

వెనకవైపు ఉండే పీటీఎఫ్‌ఎల్‌ను వదిలేయండి, ఎముకల చాటున ఉంటుంది, అల్ట్రాసౌండ్‌కు సరిగా అందదు. లోపలివైపు డెల్టాయిడ్ లిగమెంట్ మీ ప్రొటోకాల్‌లో ఉంటే ఒక్క హెచ్చరిక: లోతు పొరలో పోగుల మధ్య కొవ్వు ఉండటం వల్ల అది సహజంగానే చారలు చారలుగా, మచ్చలుగా కనిపిస్తుంది.

‘ఆరోగ్యవంతులు’ అన్న మాట మీ థీసిస్‌లో అన్నిటికన్నా బలహీనమైన చోటు. కాలేజీలో కబడ్డీ, వాలీబాల్ ఆడిన పిల్లల్లో కాలు ఒక్కసారైనా బెణకనివాళ్లను వెతకడం తేలిక కాదు. బెణికి మానిన ఏటీఎఫ్‌ఎల్ మచ్చకట్టి మామూలు కన్నా మందంగా మిగలడం తరచుగా జరిగేదే, మందం పెరిగితే బలం పెరిగినట్టు కాదు. ఫారంలో ‘యాంకిల్ స్ప్రెయిన్ ఉందా’ అని అడిగితే లేదని టిక్ పెట్టేస్తారు. ఎక్స్‌రే తీయించుకోని, డాక్టరు దగ్గరకు పోని బెణుకు వాళ్ల లెక్కలోకి రాదు. నోటితో అడగండి: ఎప్పుడైనా కాలు మడతపడి వాచిందా? పసుపు సున్నం పట్టు వేశారా, ఎవరితోనైనా తోమించుకున్నారా? రెండు మూడు రోజులు కుంటుతూ నడిచారా? ఒక్కదానికి అవునన్నా ఆ కాలును పక్కన పెట్టండి. దానితోపాటు చీలమండ నిలకడను అంచనా వేసే కంబర్లాండ్ ప్రశ్నావళి ఇవ్వండి. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కో కాలికి 30 మార్కులు, 24 లేదా అంతకు తక్కువ వస్తే నిలకడ లేని చీలమండగా చూస్తారు. కీళ్లు అతిగా వంగేవాళ్లను గుర్తించడానికి 9 మార్కుల బైటన్ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఎత్తు, బరువు, వారానికి ఎన్ని గంటలు ఏ ఆట ఆడతారో కూడా రాసుకోండి. ఇవి లేకపోతే అబ్బాయిల్లో మందం ఎక్కువ అని తేల్చినా, అది ఒంటి బరువు వల్లనేమో అని వైవాలో అడుగుతారు. గ్రౌండు నుంచి నేరుగా వచ్చినవాళ్లను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాకే చూడండి. ప్రధాన కాలు ఏదంటే బంతి తన్నే కాలు అని రాస్తారు, కానీ వాలీబాల్ వాళ్లు దూకడానికి ఊనేది తరచుగా రెండో కాలు. రెండూ అడగండి.

అసలు డేటా మొదలుపెట్టే ముందు పదిహేను మందిని వారం తేడాతో రెండుసార్లు చూడండి. ఐసీసీ (రెండుసార్ల కొలతలు ఎంత కలిశాయో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మేలు) లెక్క కట్టేటప్పుడు ‘అబ్సల్యూట్ అగ్రిమెంట్’ ఎంచుకోండి. ‘కన్సిస్టెన్సీ’ ఎంచుకుంటే రెండోసారి అందరికీ 0.3 ఎక్కువ వచ్చినా అద్భుతమని చూపిస్తుంది. ఐసీసీ దగ్గరే ఆగకండి. ఉదాహరణకు మనుషుల మధ్య ప్రామాణిక విచలనం 0.3 మి.మీ., ఐసీసీ 0.75 అనుకుందాం. కొలత దోషం 0.3ను 0.25 వర్గమూలంతో గుణిస్తే 0.15 మి.మీ. రెండు కొలతల తేడాను 95 శాతం నమ్మకంతో చెప్పడానికి దాన్ని 2.77తో గుణిస్తే సుమారు 0.4. అంటే ఒకే మనిషిలో 0.4 మి.మీ. దాటని మార్పును మీ పద్ధతి నమ్మకంగా పట్టలేదు. ఐసీసీ 0.90కి వస్తే అది 0.26కి తగ్గుతుంది. ప్రోబ్ సాధనకు పెట్టే నాలుగు మధ్యాహ్నాలు ఎందుకు వృథా కావో ఈ లెక్కే చెబుతుంది. ఇంకొకటి, నలభై మందిని చూసి ‘80 చీలమండలు’ అని టీ టెస్ట్ చేయకండి. ఒకే మనిషి రెండు కాళ్లు ఒకదానికొకటి చుట్టాలు. చీటీ తీసి ఒక కాలు ఎంచుకోండి, లేదా రెండు కాళ్లూ ఒకే మనిషివని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడమని స్టాటిస్టీషియన్‌ను అడగండి.

క్లినిక్ సంగతి: వద్దు. ఇమేజింగ్ అల్ట్రాసౌండ్ ఏదైనా గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కిందికి వస్తుంది. చీలమండ మాత్రమే చూస్తాం కదా అంటే కుదరదు, గర్భాన్ని చూడగల మెషీన్ అయితే చాలు, అది ఉన్న చోటు నమోదై ఉండాలి. నమోదు కానివారికి అమ్మడమే నేరం. ఫిజియోథెరపీలో చికిత్సకు వాడే 1, 3 మెగాహెర్ట్జ్ మెషీన్ వేరు, అది బొమ్మ చూపదు, ఆ అలవాటుతో దీన్ని తేలిగ్గా తీసుకోకండి. స్నేహితురాలి క్లినిక్‌కు నమోదు ఉన్నా, మీ ఎథిక్స్ కమిటీ అనుమతి మీ ఆస్పత్రికే. పైగా మెషీన్ మారితే ఇప్పటిదాకా కష్టపడి స్థిరపరచిన కొలత మళ్లీ మొదటికొస్తుంది. మూడో మధ్యాహ్నం కోసం విభాగాధిపతికి ఉత్తరం రాయండి.

స్కాన్‌లో అనుకోనిది కనబడితే ఏం చేయాలో సమ్మతి పత్రంలోనే, తెలుగులో, రాసి ఉండాలి. ఫిబ్యులా కొన కింద నున్నటి అంచులున్న చిన్న ఎముక ముక్క కనబడొచ్చు, అది పుట్టుకతో వచ్చిందైనా కావచ్చు, పాత బెణుకులో ఊడిందైనా కావచ్చు. కీలు ముందు సందులో పలచటి ద్రవం మామూలే. ఒక లిగమెంట్ రెండో కాలి కన్నా బాగా మందంగా తేలవచ్చు. ఏదైనా స్కాన్ గదిలో మీరు నోరు జారి ‘చిరిగినట్టుంది’ అనకండి, పరీక్షల సీజన్‌లో ఆ పిల్లాడికి నిద్ర పట్టదు. రేడియాలజిస్ట్ చూసి ఒక వాక్యం రాసిస్తారు, దాన్నే ఇవ్వండి. నొప్పి లేదు, కాలు జారడం లేదు అంటే బొమ్మకు వైద్యం అక్కర్లేదు. నడుస్తుంటే, మెట్లు దిగుతుంటే చీలమండ తరచుగా మడతపడుతోంది అంటే అతన్ని ఆర్థోపెడిక్ ఓపీకి పంపండి, ఒంటికాలి నిలకడ వ్యాయామాలు మీ విభాగంలోనే మొదలుపెట్టించండి.